కాలి వాపు కథ: బోదకాలు నుంచి లింఫెడీమా దాకా



ఐదేళ్ళ కిందట నా ఎడమకాలి మెట్టెని రింగ్ కట్టర్‌తో కోసి తీయాల్సి వచ్చింది. పెళ్ళయిన 21 ఏళ్ళలో అది వేలిని వదిలింది లేదు. సబ్బు రాసినా, నూనె రాసినా, దారం చుట్టి లాగినా రాలేదు. చివరికి నేను పనిచేసే ఆసుపత్రిలోనే ఒక తోటి నర్సు దాన్ని కోసి, రెండు ముక్కలూ గాజ్ గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. అంతకు ఏడు నెలల ముందు నాకు గర్భసంచి క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. గర్భసంచితో పాటు పొత్తికడుపులో ఉండే లింఫ్ గ్రంథుల్ని కూడా తీశారు. క్యాన్సర్ పోయింది. కాలు వాచింది.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "అదేంటే, మన ఇంటా వంటా లేదు బోదకాలు! ఎవరితోనూ అనకు. పిల్లకి సంబంధాలు చూడాల్సిన రోజులు" అంది. అమ్మమీద కోపం రాలేదు. ఆవిడకి తెలిసిన వాచిన కాలు అదొక్కటే. నాకు కోపం వచ్చింది నామీద. 18 ఏళ్ళుగా నర్సుగా ఉన్నాను. ఎంతమంది పేషెంట్లకి డిశ్చార్జి కాగితాలు చదివి వినిపించి ఉంటానో లెక్కలేదు. నా డిశ్చార్జి కాగితాల్లో కుట్లు ఎలా చూసుకోవాలో ఉంది, బరువులు ఎప్పుడు ఎత్తొచ్చో ఉంది. కాలు వాచొచ్చన్న మాట ఒక్కటి కూడా లేదు. అది లేదని నాకు తట్టనూ లేదు.

అప్పటినుంచి ఈ వాపు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ ఒకటి అర్థమైంది. ఈ వాపుకి ఏం చెయ్యాలో వైద్యులకి 130 ఏళ్ళ కిందటే చాలావరకు తెలుసు. తెలిసినా అది మనదాకా రాలేదు. రాకపోవడానికి పెద్ద కారణం, ఈ వాపు గురించి డాక్టర్లూ మాట్లాడలేదు, చీర కుచ్చిళ్ళ కింద దాచుకుని మనమూ మాట్లాడలేదు. ఆ కథే ఇవాళ మీకు చెప్తాను.

పంట కాలవ, మురుగు కాలవ

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మాది గోదావరి డెల్టాలో ఒక పల్లె. అక్కడ ప్రతి చేనుకీ రెండు కాలవలు కావాలి. నీళ్ళు తెచ్చే పంట కాలవ ఒకటి, మిగిలిన నీటిని తీసుకుపోయే మురుగు కాలవ ఒకటి. పంట కాలవ ఎంత బాగున్నా, మురుగు కాలవ పూడిపోయిందంటే చేను మునిగిపోతుంది.

ఒంట్లోనూ అంతే. రక్తం సన్నటి నాళాల్లోకి వచ్చినప్పుడు అందులోంచి కొంత నీరు కండరాల్లోకి, చర్మం కిందకి ఊరుతుంది. అలా ఊరిన దానిలో రోజుకి రెండు మూడు లీటర్లని, దాంతో పాటు ప్రోటీన్లని వెనక్కి తీసుకుపోయేవి లింఫ్ నాళాలు. మన సైన్సు పుస్తకాల్లో దీన్ని శోషరసం అని చదువుకున్నాం. రక్తాన్ని తోయడానికి గుండె ఉంది. లింఫ్‌కి అలాంటి గుండె లేదు. ఆ నాళాలు తమంతట తాము మెల్లగా ముడుచుకుంటూ, మనం నడిచినప్పుడు కండరాలు నొక్కుతుంటే, ఊపిరి పీల్చినప్పుడు పొట్టలో ఒత్తిడి మారుతుంటే, అంచెలంచెలుగా దాన్ని పైకి తీసుకెళ్ళి మెడ దగ్గర పెద్ద సిరల్లో కలుపుతాయి.

దారిలో వడపోత గదుల్లాంటివి ఉంటాయి. అవే లింఫ్ గ్రంథులు. మీకివి కొత్త కాదు. చిన్నప్పుడు కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టేది గుర్తుందా? ఆ బిళ్ళే లింఫ్ గ్రంథి. క్యాన్సర్ కణాలు బయటికి పాకేది కూడా చాలాసార్లు ఈ దారిలోనే. అందుకే సర్జన్లు వాటిని తీసి పరీక్షకి పంపుతారు. తీసిన చోట దారి తెగుతుంది, మచ్చ కడుతుంది. రేడియేషన్ కూడా ఇస్తే ఆ చోటు ఇంకా బిగుస్తుంది. కొందరికి పక్కదారులు ఏర్పడి ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి నెలల తర్వాత, ఇంకొందరికి ఏళ్ళ తర్వాత వాపు మొదలవుతుంది. దాన్నే లింఫెడీమా అంటారు.

ఇంకో మాట. మామూలుగా కాళ్ళకి నీరు పట్టినప్పుడు వేసే మాత్రలు దీనికి పనిచేయవు. అవి నీటిని తీస్తాయి, ప్రోటీన్ అక్కడే ఉండిపోతుంది. ఉండిపోయిన ప్రోటీన్ మళ్ళీ నీటిని లాక్కుంటుంది. ఏళ్ళ తరబడి వదిలేస్తే చర్మం కింద కొవ్వు చేరి, నార కట్టి, కాలు గట్టిపడుతుంది. మొదట్లో పొద్దున లేచేసరికి తగ్గే వాపు, తర్వాత తర్వాత తగ్గదు. అందుకే దీన్ని తొందరగా గుర్తుపట్టాలి.

కుక్క కడుపులో తెల్ల దారాలు

ఈ మురుగు కాలవల్ని మొదట చూసి రాసిన వాళ్ళలో ముఖ్యుడు ఇటలీకి చెందిన గాస్పరే అసెల్లి. 1622లో స్నేహితులకి నరాలు చూపించడానికి బతికున్న కుక్క పొట్ట కోశాడు. పేగుల మీద సన్నటి తెల్ల దారాలు కనిపించాయి. నరాలే అనుకున్నాడు. ఒకదాన్ని తెంపితే పాలలాంటి ద్రవం వచ్చింది. మరో కుక్కని కోస్తే ఏమీ కనిపించలేదు. అప్పుడు గుర్తొచ్చింది, మొదటి కుక్క కడుపునిండా తిని ఉంది. తిన్న కొవ్వు ఆ నాళాల్లో వెళ్తున్నందువల్లే అవి తెల్లగా కనిపించాయి. ఆ పుస్తకం అచ్చయింది 1627లో. అప్పటికి ఆయన లేడు.

మిగతా ఒళ్ళంతా ఇలాంటి నాళాలు ఉన్నాయని కనిపెట్టడానికి మరో పాతికేళ్ళు పైనే పట్టింది. స్వీడన్‌లో ఓలోఫ్ రుడ్‌బెక్ అనే 21 ఏళ్ళ కుర్రాడు 1652లో క్రిస్టినా రాణి ముందు వాటిని చూపించాడు. డెన్మార్క్‌లో థామస్ బార్తొలిన్ 1653లో పుస్తకం వేసి, తేటనీరు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో వాటికి లింఫ్ నాళాలని పేరు పెట్టాడు. ముందు కనిపెట్టింది ఎవరన్నదాని మీద ఇద్దరికీ పెద్ద గొడవే జరిగింది.

రక్తం ఒళ్ళంతా తిరుగుతుందని విలియం హార్వే పుస్తకం వచ్చింది 1628లో. అంటే రెండు కథలూ దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. కానీ రక్తం ఎర్రగా కనిపిస్తుంది, కారితే భయం వేస్తుంది. లింఫ్‌కి రంగు లేదు, నాళాలు వెంట్రుకల్లా సన్నం. బతికున్న మనిషి కాలిలో ఆ నాళాలు ఎక్కడ తెగాయో ఎక్స్‌రే తీసి చూడగలిగింది 1952లో. లండన్‌లో జాన్ కిన్మన్త్ అనే సర్జన్ పాదం దగ్గర నీలిరంగు ఎక్కించి, నాళాన్ని గుర్తుపట్టి, అందులోకి ఎక్స్‌రేలో కనిపించే మందు పంపాడు. కళ్ళకి కనిపించని దాన్ని పట్టించుకోవడానికి లోకానికి ఎప్పుడూ ఆలస్యమే.

అమ్మ అన్న బోదకాలు

ఇప్పుడు అమ్మ మాట దగ్గరికి వద్దాం. మన కోస్తా జిల్లాల్లో పుట్టిన వాళ్ళలో బోదకాలు చూడని వాళ్ళు తక్కువ. మా చిన్నప్పుడు మా వీధిలో ఒక ముసలావిడ అరుగు మీద కూచుని ఉండేది. ఎండాకాలంలో కూడా కాళ్ళ మీద దుప్పటి కప్పుకునే ఉండేది. పెళ్ళికి పిలిస్తే వచ్చేది కాదు. పిల్లలం ఆ అరుగు దాటేటప్పుడు పరిగెత్తేవాళ్ళం. తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మన ఆయుర్వేదంలో దీన్ని శ్లీపదం అన్నారు. నీరు నిలవుండే ప్రాంతాల్లో ఇది ఎక్కువని సుశ్రుత సంహిత చెప్పింది. నీటికీ దీనికీ ఏం సంబంధమో తేలింది 19వ శతాబ్దంలో. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే డాక్టరు మనిషి రక్తంలో సన్నటి పురుగు పిల్లల్ని చూశాడు. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్, ఫైలేరియా ఉన్న తన తోటమాలి రక్తం తాగిన దోమల్ని కోసి చూశాడు. పురుగు పిల్లలు దోమ ఒంట్లో పెరుగుతున్నాయి. ఒక పురుగు మనిషికి జబ్బు చేసే క్రిమిని తన ఒంట్లో పెంచి పోషిస్తుందని రుజువు కావడం అదే మొదలు. అయితే ఆయన ఒకటి తప్పుగా అనుకున్నాడు. ఆ దోమ నీళ్ళలో పడి చస్తే, ఆ నీళ్ళు తాగినవాళ్ళకి జబ్బు వస్తుందనుకున్నాడు. దోమ కాటుతోనే వస్తుందని తర్వాత తెలిసింది. ఆ పురుగులు లింఫ్ నాళాల్లో కాపురం పెట్టి వాటిని పాడు చేస్తాయి. అదీ బోదకాలు.

దీనికి మందు దగ్గర మనవాడి పేరు వస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వచ్చి, హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకి వెళ్ళారు. ఆయన నడిపించిన పరిశోధనల్లోంచి 1947లో హెట్రజాన్ వచ్చింది. దాని అసలు పేరు డైఈథైల్‌కార్బమజీన్, పొట్టిగా డీఈసీ. మన ఊళ్ళల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించే ఫైలేరియా మాత్ర అదే. ఫైలేరియా ఉన్న గోదావరి జిల్లాల్లో పుట్టిన మనిషి, ఇక్కడ కూచుని ఆ జబ్బుకి మందు తయారు చేయించి, మళ్ళీ తన ఊరు చూడకుండానే 1948లో కన్నుమూశారు. పరాయి దేశంలో బతుకుతున్న మనకి ఆయన కథ చదివితే గొంతుకేదో అడ్డం పడుతుంది.

కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఆ మాత్ర రక్తంలో పురుగు పిల్లల్ని చంపుతుంది, జబ్బు పాకకుండా ఆపుతుంది. అప్పటికే పాడైన నాళాల్ని బాగుచేయలేదు. ఆపరేషన్ వల్ల వచ్చిన వాపులో అసలు పురుగే లేదు కాబట్టి ఆ మాత్రతో పని లేదు. కాలవ పూడిన కారణం వేరు, చేను మునిగిన తీరు ఒకటే. అందుకే రెండిటికీ రోజూ చేసుకోవాల్సిన సేవ చాలావరకు ఒక్కటే. ఏది వచ్చినా అందులో సిగ్గుపడాల్సింది లేదు. దోమ కుట్టినందుకు ఎవరైనా సిగ్గుపడతారా?

సర్జన్లు పెట్టిన పేరు

1880ల నుంచి 1890ల దాకా అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చెందిన విలియం హాల్‌స్టెడ్ రొమ్ము క్యాన్సర్‌కి కొత్త ఆపరేషన్‌ని స్థిరపరిచాడు. రొమ్ముతో పాటు ఛాతీ కండరాలనీ, చంకలోని లింఫ్ గ్రంథుల్నీ కలిపి తీసేయడం. 1898లో వియన్నాలో ఎర్నెస్ట్ వెర్తైమ్ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి అలాంటి పెద్ద ఆపరేషనే మొదలుపెట్టాడు. తొలి రోజుల్లో చాలామంది తట్టుకోలేకపోయారు. తర్వాత 1940లలో బాస్టన్‌లో జో మెగ్స్ దాన్ని మళ్ళీ పైకి తెచ్చి, కటి భాగంలోని గ్రంథులన్నిటినీ పద్ధతిగా తీయడం అందులో చేర్చాడు. ఈ ఆపరేషన్లు ఎందరో ఆడవాళ్ళ ప్రాణాలు నిలబెట్టాయి. నేనూ ఆ బాకీలోనే ఉన్నాను. కానీ గ్రంథులు ఎన్ని ఎక్కువ తీస్తే అంత మంచిదన్న ఆ నమ్మకానికి మూల్యం చేతులూ కాళ్ళూ కట్టాయి.

1921లో హాల్‌స్టెడ్ తన పేషెంట్ల చేతి వాపు గురించి ఒక వ్యాసం రాశాడు. ఆ వాపుకి ఆయన లాటిన్‌లో పెట్టిన పేరు ఎలిఫెంటియాసిస్ కిరుర్జికా. తెలుగులో చెప్పాలంటే, సర్జరీ వల్ల వచ్చిన బోద. అది చదివిన రోజు నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. భీమవరం పక్క పల్లెటూళ్ళో మా అమ్మ అన్న మాటా, బాల్టిమోర్‌లో అంతటి సర్జన్ రాసిన మాటా ఒకటే! అమ్మ తప్పు అనలేదు. ఆ మాటకి ముందు 'ఆపరేషన్' అన్న ఒక్క మాట చేర్చలేదంతే.

ఆ తర్వాత చాలాకాలం సర్జన్లు దీన్ని ప్రాణం దక్కినందుకు కట్టాల్సిన చిన్న సుంకంలా చూశారు. "బతికి ఉన్నావు కదమ్మా" అంటే ఇంకేం అడుగుతాం? 1992లో డోనాల్డ్ మోర్టన్ బృందం చర్మ క్యాన్సర్‌లో ఒక పద్ధతి ప్రచురించింది. క్యాన్సర్ ముందుగా చేరే గ్రంథి ఏదో రంగు పంపి కనుక్కుని, దాన్ని మాత్రమే తీసి చూడటం. దీన్ని సెంటినల్ నోడ్ అంటారు, ఊరి ముందున్న కాపలావాడన్నమాట. అది శుభ్రంగా ఉంటే మిగతావి తీయక్కర్లేదు. అక్కడినుంచి రొమ్ము క్యాన్సర్‌కి, ఇప్పుడు గర్భసంచి క్యాన్సర్‌కి కూడా ఆ పద్ధతి వచ్చింది. మీకో, మీవాళ్ళకో ఇలాంటి ఆపరేషన్ చెయ్యాలంటే సర్జన్ని రెండు ప్రశ్నలు అడగండి. సెంటినల్ నోడ్ పద్ధతి నాకు కుదురుతుందా? నా కాళ్ళు వాచే అవకాశం ఎంత? అడిగితే మర్యాదగానే చెప్తారు. అడగకపోతే చాలామంది చెప్పరు.

కట్టు, చెయ్యి, నడక

మరి వైద్యం? 1892లో అలెగ్జాండర్ వాన్ వినివార్టర్ అనే ఆస్ట్రియన్ సర్జన్ వాచిన కాళ్ళ గురించి ఒక పుస్తకం రాశాడు. చర్మాన్ని శుభ్రంగా ఉంచాలి, కాలు ఎత్తులో పెట్టాలి, మెల్లగా మర్దనా చెయ్యాలి, కట్టు కట్టాలి, కట్టుతోనే కదలాలి అన్నాడు. ఇవాళ నా థెరపిస్టు నాకు నేర్పింది కూడా దాదాపు ఇదే. కానీ ఆ కాలానికి కత్తి అంటే మోజు ఎక్కువ. గుడ్డ పీలికలతో చేసే వైద్యం ఎవరికి పట్టింది? ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో పనిచేసిన హావ్‌లాక్ చార్ల్స్ పేరుతో ఒక ఆపరేషన్ వాడుకలోకి వచ్చింది. వాచిన కాలి చర్మాన్నీ, కింది కొవ్వునీ తొలిచి తీసేసి, వేరే చర్మం అతికించడం. ఎంత బాధో ఊహించుకోండి.

1932లో డెన్మార్క్‌కి చెందిన ఎమిల్ వాడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ ఫ్రాన్స్‌లోని కాన్ పట్టణంలో మర్దనా పని చేసేవారు. జలుబు వదలని పేషెంట్ల మెడలో గ్రంథులు ఉబ్బి ఉండేవి. వాటిని ముట్టుకోకూడదని అప్పటి డాక్టర్ల మాట. ఈ దంపతులు చాలా మెల్లగా, చర్మాన్ని మాత్రమే కదిపేలా వేళ్ళతో తడిమారు. 1936లో పారిస్‌లో దాన్ని లోకానికి చూపించారు. ఆ మర్దనా ఎంత మెల్లగా ఉంటుందంటే, పసిపాపకి పౌడరు రాసినట్టు ఉంటుంది. అమ్మ చెప్పినట్టు నువ్వుల నూనె పెట్టి పిక్క పట్టుకుని పిసికితే మేలు బదులు కీడే. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

హంగరీ నుంచి 1969లో జర్మనీకి వలస వచ్చిన మైకేల్ ఫోల్డీ, ఎథెల్ ఫోల్డీ అనే డాక్టర్ దంపతులు ఈ ముక్కలన్నిటినీ కలిపి ఒక పద్ధతి చేశారు. చర్మ సంరక్షణ, మెల్లటి మర్దనా, కట్లు, కట్టుతో వ్యాయామం. మొదట కొన్ని వారాలు థెరపిస్టు దగ్గర కాలు తగ్గించుకోవడం, ఆ తర్వాత జీవితాంతం ఇంట్లో నిలబెట్టుకోవడం. వాళ్ళూ మనలాగే వలస వచ్చిన వాళ్ళే అని చదివినప్పుడు ఏదో తృప్తి.

మనం వేసుకునే బిగుతు మేజోళ్ళకీ ఒక కథ ఉంది. కాన్రాడ్ యోబ్స్ట్ అనే ఇంజనీరు జర్మనీలో పుట్టి ఒహాయోలోని టొలీడోలో స్థిరపడ్డాడు. ఆయన కాళ్ళలో సిరల జబ్బు. ఈతకొలనులో నిలబడితే నొప్పి తగ్గేది. ఎందుకని ఆలోచించాడు. నీటి లోతు పెరిగే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కదా. పాదం దగ్గర ఎక్కువ, పైకి వచ్చే కొద్దీ తక్కువ. అదే తీరున ఒత్తిడి పెట్టే మేజోడు తయారు చేశాడు. 1950ల నుంచి అవి వాడుకలో ఉన్నాయి. అందుకే చెప్తున్నాను, షాపులో దొరికిన ఏదో బిగుతు సాక్స్ వేసుకోకండి. పైన బిగుతు, కింద వదులు అయితే తాడు కట్టి నీటిని ఆపినట్టే.

చెయ్యికి ముందు, కాలికి తర్వాత

ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇది ముఖ్యం. 1998లో ఒక చట్టం వచ్చింది. రొమ్ము తొలగించే ఆపరేషన్‌కి డబ్బిచ్చే ఇన్సూరెన్స్ ప్లాన్లు, దానివల్ల వచ్చే లింఫెడీమాకి కూడా ఇవ్వాలని. మంచి చట్టం. కానీ అది రొమ్ము ఆపరేషన్ వాళ్ళకి. గర్భసంచి ఆపరేషన్ వల్ల కాలు వాచిన నాలాంటి వాళ్ళకి అందులో చోటు లేదు. రొమ్ము క్యాన్సర్ గురించి ఆడవాళ్ళు ధైర్యంగా బయటికొచ్చి మాట్లాడారు, చట్టం తెచ్చుకున్నారు. బొడ్డు కింద జబ్బుల గురించి మాట్లాడటానికి అమెరికా ఆడవాళ్ళకీ నోరు రాలేదు. ఆ విషయంలో వాళ్ళూ మనలాంటి వాళ్ళే.

మెడికేర్ పరిస్థితి ఇంకా వింత. సిరల జబ్బుతో కాలికి పుండు పడితే బిగుతు మేజోళ్ళకి డబ్బు ఇచ్చేది. లింఫెడీమాతో వాచిన కాలు పాడవకుండా వేసుకుంటానంటే ఇచ్చేది కాదు. ఈ లోటు పూడ్చడానికి లింఫెడీమా ట్రీట్‌మెంట్ యాక్ట్ అనే బిల్లుని 2010లో మొదటిసారి కాంగ్రెస్‌లో పెట్టారు. దానికోసం పట్టు వదలకుండా తిరిగినావిడ హెదర్ ఫెర్గుసన్. ఆవిడ డాక్టరూ కాదు, లాయరూ కాదు, పుట్టుకతో లింఫెడీమా ఉన్న పిల్లాడి తల్లి. 12 ఏళ్ళు పట్టింది. 2022 డిసెంబరులో బిల్లు నెగ్గింది, 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మెడికేర్ ఉన్నవాళ్ళకి ఆరు నెలలకి మూడు పగటి మేజోళ్ళు, రెండేళ్ళకి రెండు రాత్రి తొడుగులు వస్తాయి. చెయ్యికైనా కాలికైనా సరే. డాక్టరు రాసిన చీటీ ఉండాలి, మన వాటా కొంత మనం కట్టాలి. ఇది మెడికేర్‌కి మాత్రమే వర్తించే చట్టం. ప్రైవేటు ప్లాన్ ఉన్నవాళ్ళు తమ ప్లాన్‌కి ఫోన్ చేసి అడగాలి. మొదటిసారి కాదంటే అప్పీలు పెట్టండి. నాకు రెండో అప్పీలుకి వచ్చింది.

మన ఇంట్లో, మన అలవాట్లలో

ఇక్కడ ఇచ్చే కరపత్రాల్లో మన అలవాట్లు ఉండవు. కాబట్టి నేను నేర్చుకున్నవి చెప్తాను.

లంగా బొందు నడుము కోసేలా బిగించకండి. పొత్తికడుపులో గ్రంథులు తీసిన వాళ్ళకి అది రెండో ఆనకట్ట. వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ వేయించుకోండి. పట్టీలూ మెట్టెలూ బిగుతవుతున్నాయంటే అది మొదటి హెచ్చరిక. నేను దాన్ని పట్టించుకోలేదు. కాలి రెండో వేలు మొదట్లో, అంటే సరిగ్గా మెట్టె పెట్టుకునే చోట, చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి ఎత్తి చూడండి. ఎత్తలేకపోతే అది లింఫెడీమాకి గుర్తు. రాబర్ట్ స్టెమ్మర్ అనే డాక్టరు 1976లో చెప్పిన పరీక్ష ఇది. మన మెట్టెలే మనకి ఆ పరీక్ష చేస్తున్నాయి, చూశారా! చర్మం ఎత్తగలిగినంత మాత్రాన జబ్బు లేదని మాత్రం అనుకోవద్దు.

గుడిలో చెప్పుల్లేకుండా తిరిగి వచ్చాక కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోండి. మడమ పగుళ్ళు రానివ్వకండి. రోజూ తడి ఆరని క్రీము రాయండి. వాచిన కాలికి చిన్న గాటు చాలు, ఇన్ఫెక్షన్ రావడానికి. కాలు ఎర్రబడి, వేడిగా ఉండి, చలిజ్వరం వస్తే రేపు చూద్దాం అనుకోకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఒక్క కాలు ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పి పెడితే రక్తం గడ్డ కావచ్చు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా క్షణం ఆగకండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, కాళ్ళకి రక్తం సరిగా అందని వాళ్ళు డాక్టర్ని అడక్కుండా కట్లు కట్టుకోవద్దు.

వ్రతాలప్పుడు గంటలకొద్దీ బాసింపట్టు వేసి కూచోకండి, పీట వేసుకోండి. దేవుడేం అనుకోడు. ఇండియా ప్రయాణంలో మేజోడు తొడుక్కునే విమానం ఎక్కండి, గంటకోసారి లేచి నడవండి. ఊళ్ళో దోమల నుంచి కాపాడుకోండి. నడక మానకండి, నడకే ఈ కాలికి గుండెకాయ.

మా ఇంట్లో మొదట్లో కట్లు మా ఆయన కట్టేవారు. యూట్యూబ్‌లో బిర్యానీ కూడా సరిగా నేర్చుకోని మనిషి, థెరపిస్టు పక్కన నిలబడి నాలుగు రకాల గుడ్డలు ఏ వరసలో చుట్టాలో నేర్చుకున్నారు. ఇప్పుడు నేనే పొద్దున్నే లేచి, కాఫీ కంటే ముందు మేజోడు ఎక్కించుకుంటాను. కాలు మునుపటిలా అవలేదు, అవదు. కానీ పెరగడం ఆగింది. పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నాను. కుడికాలికి మెట్టె ఉంది, ఎడమకాలికి లేదు. ఎవరైనా అడిగితే ఎందుకో చెప్తాను.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళాను. అరుగు మీద కూచుని కాలు స్టూలు మీద పెట్టుకున్నాను, మేజోడు కనిపిస్తూనే ఉంది. పక్కింటి పిన్ని వచ్చి అటే చూస్తోంది. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది: "బోదకాలు కాదు వదినా. ఆపరేషన్‌లో బిళ్ళలు తీశారు, అందుకు వాపు. ఆ మేజోడు తొడిగితే పెరగదంట. మీ కోడలు కూడా ఆపరేషన్ అయ్యాక కాలు వాస్తోందని అందిగా, ఇలా రమ్మను. అమ్మాయి చూస్తుంది."

ఆ కోడలు సాయంత్రం వచ్చింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి కాలు చూపించింది. మూడేళ్ళుగా ఎవరికీ చూపించలేదట.

మీ ఇంట్లో, మీ ఊళ్ళో అలాంటి కాలు ఎవరిదైనా ఉందేమో ఈ వారం ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.